ఉప్పాడలో గోడ కడితే కోత ఆగుతుందా?

మీరు అడిగినవి మూడు. కాకినాడకి ఉత్తరాన ఒడ్డునే ఉన్న ఉప్పాడ ఇన్నేళ్లుగా ఎందుకు కోసుకుపోతోంది, దానికి కాకినాడ పోర్టే కారణమా, పెద్ద గోడ కడితే ఒడ్డుకి దగ్గర్లో ఉన్న మీ మేనమామ గారి ఇల్లు దక్కుతుందా. చివరిదానికే ముందు జవాబు చెప్పేస్తాను. సరిగ్గా కడితే గోడ వెనకున్నది కొన్నేళ్లు దక్కుతుంది. గోడ ముందున్న ఇసుక ఒడ్డు మాత్రం దక్కదు. గోడ ఎక్కడ ఆగుతుందో, దానికి ఉత్తరాన ఉన్నవాళ్ల నేల ఇప్పటికంటే త్వరగా పోతుంది. ఈ మూడూ ఒప్పుకునే గోడ అడగాలి. "కోత ఆగుతుంది" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. గోడ ఇసుకని పుట్టించదు. తీరాన్ని నిలబెట్టేది ఇసుకే.

నా ఉద్యోగమంతా రేవుల చుట్టూ సర్వే పనుల్లోనే గడిచింది. ఒడ్డున లెవెల్ (ఎత్తు కొలిచే దుర్భిణి) నిలబెట్టి, స్టాఫ్ అనే కొలకర్ర పట్టుకున్న కుర్రాణ్ని నడుం లోతు నీళ్ల దాకా పంపి, ఇసుక మట్టం పోయిన నెలకీ ఈ నెలకీ ఎంత తేడా వచ్చిందో రాసుకునే పని. అందుకే జవాబు కాస్త ఇసుక వైపు నుంచే వస్తుంది, ఓపిక పట్టండి.

కెరటం ఒడ్డుకి తిన్నగా ఎదురు రాదు, ఏటవాలుగా వస్తుంది. ఎక్కేటప్పుడు ఇసుకని ఓరగా పైకి తోస్తుంది. దిగేటప్పుడు నీరు వాలు వెంట నేరుగా కిందికి జారుతుంది. ఇలా ఒక్కో కెరటానికి ఒక్కో ఇసుక రేణువు కాస్త పక్కకి జరుగుతుంది. రోజుకి పదివేల పైచిలుకు కెరటాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నైరుతి కాలంలో, కెరటాలు దక్షిణం వైపు నుంచి వచ్చి ఇసుకని ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలి తిరిగాక, అక్టోబరు, నవంబరు నుంచి జనవరి దాకా, కొంత ఇసుక తిరిగి దక్షిణానికి వస్తుంది. రాకకంటే పోక ఎక్కువ. నికరంగా చూస్తే మన తూర్పు తీరం ఇసుక ఉత్తరానికే ప్రయాణం చేస్తుంది. చెన్నై దగ్గరైనా విశాఖ దగ్గరైనా అది ఏడాదికి కొన్ని లక్షల ఘనమీటర్లు. పది ఘనమీటర్లు పట్టే టిప్పర్లలో ఎత్తితే ఏటా పదుల వేల లోడ్లన్నమాట, మన కళ్ల ముందే, చప్పుడు లేకుండా.

కాబట్టి మీ ఊరి ఒడ్డున ఇవాళ కనిపించే ఇసుక మీ ఊరిది కాదు. దక్షిణం నుంచి వచ్చింది, ఉత్తరానికి పోతోంది. వచ్చేదీ పోయేదీ సమానంగా ఉన్నంతకాలం ఒడ్డు కదలనట్టు కనిపిస్తుంది. వచ్చేది తగ్గిందా, పోయేది ఎక్కడో అక్కడ నేలని కోసుకునే పోతుంది. ఇంటి జమాఖర్చులాగే, అంతకు మించి ఇందులో రహస్యం లేదు.

ఇసుకకి ఇంకో కదలిక ఉంది, ఒడ్డుకి అడ్డంగా. తుపానులో పెద్ద కెరటాలు ఒడ్డు ఇసుకని లాక్కెళ్లి కాస్త లోపల, నీటి అడుగున గట్టులా పోస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో సముద్రం నెమ్మదించాక చిన్న కెరటాలు దాన్ని నెమ్మదిగా వెనక్కి తెచ్చి పోస్తాయి. తుపాను మర్నాడు పేపర్లో వచ్చిన ఫోటో చూసి "యాభై అడుగులు పోయింది" అనుకోవడం తొందరపాటు. ఏటా అదే నెలలో, అదే తిథికి కొలిస్తేనే నిజమైన కోత తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక విశాఖ ఆర్కే బీచ్ కోసుకుపోయినప్పుడు నగరమంతా కంగారుపడింది. అందులో కొంత తిరిగి రావాల్సిన ఇసుకే. రానిది ఎంత అన్నదే అసలు లెక్క, దానికి ఎవరూ ఫోటోలు తియ్యరు.

కొలతలు లేనివాళ్లకి ఒక గుర్తు చెప్తాను. ఒడ్డున తెల్ల ఇసుక పలచబడి నల్ల ఇసుక చారలు చారలుగా తేలిందంటే కోత పనిచేస్తోందని అర్థం. నల్లగా ఉండేది ఇల్మనైట్, ఎర్రటి మెరుపు ఉండేది గార్నెట్. రెండూ బరువైన ఖనిజాలు. కెరటం తేలికైన తెల్ల రేణువుని ఎత్తుకుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది. ఉప్పాడలో తుపాను తగ్గగానే ఆడవాళ్లూ పిల్లలూ ఒడ్డు మీద కూర్చుని ఇసుక జల్లించి బంగారు పూసలు ఏరడం, 2020లో నివర్ తుపాను తర్వాత టీవీల్లో కూడా చూశారు కదా. అదీ ఇదే. సముద్రంలో కలిసిపోయిన ఇళ్లవీ గుళ్లవీ అని ఊళ్లోవాళ్లు చెప్పే మాటలో అర్థముంది. బంగారం ఇల్మనైట్ కంటే చాలా బరువు, ఇసుక పోయినా అది అడుగునే ఉండిపోతుంది. జనం దాన్ని అదృష్టం అంటారు. నాకైతే కోత రసీదులా కనిపిస్తుంది.

ఇప్పుడు ఇసుక వచ్చే దారి చూద్దాం. ఉప్పాడకి ఇసుక ఇచ్చేది గోదావరి, అందులోనూ గౌతమి పాయ. కొండల్లో కోసుకొచ్చిన మట్టీ ఇసుకా మొగ దగ్గర సముద్రంలో పోస్తుంది, కెరటాలు దాన్ని ఉత్తరానికి పంచుతాయి. ఈ దానం తగ్గిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన లెక్కలో, 1970లలో గోదావరి డెల్టాకి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు చేరేది. 1990లకి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. వాన తగ్గి కాదు. పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ మొదలుకొని వందలకొద్దీ ఆనకట్టలు, చెరువులు, ఎత్తిపోతలు. నీరు నిలిచిన ప్రతిచోటా ఒండ్రు అడుక్కి దిగుతుంది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం. 1960ల చివర్లో ఏటా 90 లక్షల టన్నులు సముద్రానికి చేరేది, 2000 తర్వాత 4 లక్షల టన్నులకి వచ్చింది. హంసలదీవి వైపు, నాచుగుంట వైపు ఒడ్డు వెనక్కి జరగడంలో ఆశ్చర్యం ఏముంది?

ఈ టన్నుల్లో ఎక్కువ భాగం నీటిలో తేలే సన్న ఒండ్రు. బీచ్‌కి కావలసింది నది అడుగున దొర్లుకుంటూ వచ్చే ముతక ఇసుక. అది ఆనకట్ట దాటడం ఇంకా కష్టం. దాటినదాన్ని కూడా రాజమండ్రి చుట్టుపక్కల ర్యాంపుల్లో లారీలకి ఎత్తుతున్నాం. మన ఇళ్ల స్లాబుల్లో ఉన్న గోదావరి ఇసుకలో కొంత ఉప్పాడకి చేరవలసినదే అంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. అబద్ధం మాత్రం కాదు.

సముద్రమట్టం పెరగడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన చుట్టూ ఉన్న సముద్రం గత మూడు దశాబ్దాలుగా ఏడాదికి 3 మిల్లీమీటర్ల చిల్లర పెరుగుతోంది. డెల్టా నేల తన బరువుకి తనే కుంగుతుంది కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ అనుకోండి. చదునైన ఇసుక తీరంలో నీరు ఒక సెంటీమీటరు పెరిగితే ఒడ్డు అర మీటరు నుంచి మీటరు దాకా వెనక్కి పోతుందని మోటు లెక్క. అంటే ఏడాదికి జానెడు, మూరెడు. ఉప్పాడలో రోడ్డునీ ఇళ్లనీ మింగిన కోత దీనికి ఎన్నో రెట్లు. వాతావరణ మార్పు నిజం, రేపు ఇంకా పెద్దదవుతుంది. కానీ ఇప్పటిదాకా జరిగినదంతా దాని నెత్తిన రుద్దడం అధికారులకి సుఖంగా ఉంటుంది, ఎవరూ జవాబుదారీ కానక్కర్లేదు కదా.

ఉప్పాడకి మాత్రమే ఉన్న చిక్కు హోప్ ఐలాండ్. పేరుకి ద్వీపం గానీ అది గౌతమి మొగ దగ్గర మొదలై ఉత్తరానికి సాగిన పొడవాటి ఇసుక నాలుక, సుమారు 16 కిలోమీటర్లు. గత రెండొందల ఏళ్లలో గోదావరి ఇసుకతోనే పెరిగింది. దాని వెనక కాకినాడ బే అనే అఖాతం, కోరింగ మడ అడవులు. బంగాళాఖాతం కెరటాలకి అది అడ్డుపడబట్టే కాకినాడ అంత నెమ్మదైన లంగరు రేవు అయింది. కాకినాడకి అది కవచం. ఉప్పాడకి?

ఒకసారి మ్యాపు తెరిచి చూడండి. గౌతమి ఇసుక ఉత్తరానికి బయల్దేరుతుంది, హోప్ ఐలాండ్ వెంట సాగుతుంది, దాని కొసకి చేరేసరికి ముందు బే నోరు, లోతు నీళ్లు. అక్కడ కెరటం అడుగుని తాకదు, ఇసుకని మోయలేదు. ఇసుక అక్కడే దిగిపోతుంది. నాలుక ఇంకాస్త పొడుగవుతుంది, లేదా ఇసుక బే లోపలికి తిరిగి పూడుతుంది. ఎదురుగా ఉన్న ఉప్పాడ ఒడ్డుకి చేరేది కొసరే.

హోప్ ఐలాండ్ తెచ్చిపెట్టే చిక్కుల్లో ఇది మొదటిది. రెండోది ఇంకా సూక్ష్మమైనది, చాలామంది గమనించరు. డిసెంబరులో ఈశాన్యం నుంచి వచ్చే కెరటాలు ఉప్పాడ ఇసుకని దక్షిణానికి, వాకలపూడి వైపుకి తోస్తాయి. మామూలు తీరమైతే జూలైలో దక్షిణపు కెరటాలు దాన్ని తిరిగి తెచ్చి పెట్టాలి. కానీ వాకలపూడి వైపు పోయిన ఇసుకని జూలై కెరటం అంత బలంగా తాకలేదు, హోప్ ఐలాండ్ అడ్డు. ఆ నీడలోకి పోయిన ఇసుక అక్కడే చిక్కుకుంటుంది. నీడ దాటిన ఉప్పాడ మీద మాత్రం జూలై కెరటం పూర్తి బలంతో పడి ఉన్న ఇసుకని కోనపాపపేట వైపు తోలుకుపోతుంది. ఇటూ పోతుంది, అటూ పోతుంది, ఎటునుంచీ రాదు. మధ్యలో చిక్కిన ఊరు అది.

పోర్టే కారణమా అంటే, డీప్ వాటర్ పోర్టు మొదలైంది 1997లో. ఉప్పాడ కోత అంతకు ముందు నుంచే ఉంది, మీ ఊళ్లో డెబ్బై దాటినవాళ్లని అడగండి, వాళ్ల చిన్నప్పటి వీధులు సముద్రంలో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపిస్తారు. కాబట్టి పోర్టు కోతని పుట్టించలేదు. కానీ పోర్టులోకి ఓడలు రావడానికి సముద్రం అడుగున తవ్విన ఛానల్ ఉందే, ఇసుక దాటవలసిన దారిలో అదొక గొయ్యి. అందులో పడ్డది డ్రెడ్జరు, అంటే అడుగు తవ్వే ఓడ, ఎత్తుకుపోతుంది. ఎత్తినదాన్ని లోతు సముద్రంలో పారబోస్తే తీరం లెక్కల్లోంచి అది శాశ్వతంగా పోయినట్టే. ఒడ్డుకి పంపితే ఉప్పాడకి తిండి పెట్టినట్టు. పోర్టుని అడగవలసింది ఈ ఒక్క ప్రశ్న: మీరు తవ్వింది ఎక్కడ పోస్తున్నారు?

పోర్టుల సంగతి అర్థం కావాలంటే చెన్నై చూడాలి. 1870లలో అక్కడ సముద్రంలోకి రాతి చేతులు చాపి రేవు కట్టడం మొదలుపెట్టారు. దక్షిణం నుంచి వస్తున్న ఇసుక ఆ రాళ్లకి కొట్టుకుని ఆగింది. ఆగి ఆగి ఒడ్డు ముందుకి జరిగింది. అలా విశాలమైనదే ఇవాళ మనం చూసే మెరీనా. రేవు నోటిలోనే ఇసుక చేరుతుంటే, తూర్పుకి ఉన్న ద్వారాన్ని మూసి ఈశాన్యానికి తిప్పుకోవలసి వచ్చింది. అదంతా రేవు దక్షిణాన. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఇసుక రాక నేల పోయింది, కిలోమీటర్ల కొద్దీ రాళ్లు పోస్తూ వచ్చారు, ఇప్పటికీ పోస్తున్నారు. మెరీనాలో మొక్కజొన్న పొత్తులు తింటూ తిరిగే మనవాళ్లలో ఎంతమందికి తెలుసు, కాళ్ల కింద ఉన్నది రాయపురం ఇసుక అని!

పుదుచ్చేరిది మరీ కొట్టొచ్చినట్టు కనిపించే కథ. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన రెండు బ్రేక్‌వాటర్లతో, అంటే కెరటాలని ఆపే రాతి గట్లతో, రేవు కట్టారు. చేరే ఇసుకని పంపుతో ఎత్తి ఉత్తరాన పొయ్యాలని ప్లానులోనే ఉంది. ఆ పంపు పని సరిగ్గా సాగలేదు. కొన్నేళ్లకే ఊరి ముందున్న బీచ్ మాయమై ప్రామెనేడ్ పొడవునా నల్ల బండలు మిగిలాయి. బండల గట్టు ఉత్తరానికి పెరిగేకొద్దీ కోత దాని కొస దగ్గరికి జరిగింది. కురుచికుప్పం, వైత్తికుప్పం, సోలైనగర్, ఆ తర్వాత హద్దు దాటి తమిళనాడు పల్లెలు. ఒక ఊరి రక్షణ పక్క ఊరి కోత అయింది. యానాం వాళ్లకి ఈ కథ తెలిసే ఉంటుంది, వాళ్ల ప్రభుత్వమే కదా.

విశాఖలో అంత ఘోరం ఎందుకు జరగలేదంటే, అక్కడ మొదటినుంచీ ఇసుక లెక్క చూసుకున్నారు. 1933లో లోపలి రేవు తెరిచిన రోజుల నుంచే ఛానల్‌లో ఇసుక పూడిక పెద్ద తలనొప్పి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఇసుకని పట్టుకోవడానికి గొయ్యి తవ్వి పెట్టారు, అందులో పడ్డదాన్ని డ్రెడ్జరుతో ఎత్తి ఉత్తరాన ఆర్కే బీచ్ వైపు పొయ్యడం అలవాటు చేశారు. 1970లలో ఔటర్ హార్బర్ కట్టాక ఆ అవసరం ఇంకా పెరిగింది. పోసిన ఏడాది కురుసుర జలాంతర్గామి ముందు బీచ్ బాగుంటుంది, తగ్గించిన ఏడాది పార్కుల గోడలు కూలుతాయి. ఇది మందు కాదు, రోజూ వండి పెట్టాల్సిన అన్నం. బడ్జెట్‌లో ఒక సంవత్సరం మరిచిపోతే సముద్రం మరిచిపోదు.

ఇక గోడ విషయం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అందరూ అడిగేది అదే.

ఇసుక వాలు మీద పడిన కెరటం పాకుతూ పైకెక్కి, ఇసుకలోకి ఇంకి, బలం పోగొట్టుకుని దిగుతుంది. గోడకి తగిలిన కెరటానికి పాకే చోటు లేదు. కొంత నీరు పైకి లేచి రోడ్డు మీద పడుతుంది, మిగతాది అంతే బలంతో వెనక్కి తిరుగుతుంది. వచ్చే కెరటం, తిరిగే కెరటం గోడ పాదం దగ్గర కలిసి అడుగు ఇసుకని కెలికి ఎత్తుతాయి. పాదం దగ్గర గుంట పడుతుంది. గుంట పడితే నీటి లోతు పెరిగింది, లోతు పెరిగితే ఇంకా పెద్ద కెరటం విరగకుండా గోడ దాకా రాగలదు. అది ఇంకా పెద్ద గుంట తవ్వుతుంది. మీరు చూసే ఉంటారు, లారీతో దింపిన బండలు రెండు వర్షాకాలాలు తిరిగేసరికి సగం కనిపించవు. "సముద్రం ఎత్తుకుపోయింది" అంటారు. అది ఎక్కడికీ ఎత్తుకుపోలేదు, అవి నిలబడ్డ చోటే ఇసుకలో దిగిపోయాయి. వాటి మీద మళ్లీ బండలు, మళ్లీ బిల్లు.

దాన్ని ఆపడానికి రాళ్ల కింద వడపోత గుడ్డ పరవాలి, చిన్న రాయి, దాని మీద మధ్య రకం, ఆ పైన టన్నుల బరువుండే బండ వరసగా పేర్చాలి, పాదం గుంట పడే లోతు కంటే కిందికి దింపాలి. తుపాను హడావుడిలో రోడ్డు తెగకుండా లారీలు తెప్పించి దొర్లించేది సముద్రపు గోడ కాదు, అది ఆ పూటకి ఊరట. కాకినాడ, ఉప్పాడ బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు అతికించారో ఆ దారిన తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఉప్పాడలో 2010 ప్రాంతంలో జియోట్యూబ్‌లు కూడా వేశారు. గట్టి సింథటిక్ గుడ్డతో కుట్టిన పెద్ద గొట్టాల్లో ఇసుక నింపి ఒడ్డు పొడవునా పడుకోబెట్టడం, ముందు బండలు. ఆలోచన చెడ్డది కాదు, ఒడిశాలో పెంథా దగ్గర కూడా అలాంటిదే కట్టారు. దాని బలహీనత గుడ్డలో ఉంది. ముందు రాళ్లు జారి గుడ్డకి ఎండ తగిలిందా, చిల్లు పడిందా, లోపలి ఇసుక ఒక్క పోటులో కారిపోతుంది, గొట్టం చప్పబడిపోతుంది. ఏటా చూసి కుట్టేవాళ్లు ఉంటే నిలుస్తుంది. మనకి కట్టడానికి డబ్బు దొరికినట్టు కుట్టడానికి దొరకదు. చివరికి ఉప్పాడలో ఏం మిగిలిందో మీరే చూస్తున్నారు.

గోడ కొసల సంగతి ఇంకా పెద్దది. గోడ పొడవునా సముద్రానికి దొరకాల్సిన ఇసుక దొరకదు, కాబట్టి ఆకలితో ఉన్న కెరటం గోడ దాటిన మొదటి చోటే తింటుంది. అక్కడ ఒడ్డు కొడవలి ఆకారంలో లోపలికి తవ్వుకుపోతుంది. ఉప్పాడని రాళ్లతో కట్టేస్తే ఆ కొడవలి సుబ్బంపేట వైపో కోనపాపపేట వైపో పడుతుంది. కోనపాపపేట వాళ్లు ఇప్పటికే ఇళ్లు పోగొట్టుకుంటున్నారు. ఒక ఊరి ఎమ్మెల్యే గట్టివాడైతే గోడ అక్కడికి వస్తుంది, కోత పక్క ఊరికి పోతుంది. తీరం మొత్తానికి ఒక ప్లాను ఉండాలని ఇంజినీర్లు మొత్తుకునేది ఇందుకే.

ఒడ్డుకి అడ్డంగా సముద్రంలోకి కట్టే రాతి గట్లు, గ్రోయిన్లు అంటారు, అవీ అంతే. ఒక పక్క ఇసుక పట్టుకుంటాయి, రెండో పక్క పస్తు పెడతాయి. ఇంగ్లండు తూర్పు తీరంలో మాపుల్టన్ అనే పల్లెనీ దాని రోడ్డునీ కాపాడటానికి 1991లో రెండు గ్రోయిన్లు కట్టారు. పల్లె దక్కింది. అక్కడ ఇసుక దక్షిణానికి పోతుంది కాబట్టి దక్షిణాన ఉన్న పొలాలు ముందుకంటే వేగంగా సముద్రంలో కలిశాయి. ఉప్పాడలో గ్రోయిన్లు కడితే ఇంకో తిరకాసు ఉంది, పట్టుకోవడానికి వచ్చే ఇసుకే తక్కువ కదా! ఖాళీ చెరువులో వల వేసినట్టు.

చెట్ల గురించి కూడా ఒక ముక్క. సరుగుడు తోటలు గాలినీ ఎగిరే ఇసుకనీ ఆపుతాయి, తుపాను గాలికి ఊరికి కాస్త అడ్డం. కెరటం పాదం తవ్వితే మాత్రం వరసలు వరసలుగా వేళ్లతో సహా పడిపోతాయి. మడ చెట్లు బురద నేలలో, నెమ్మది నీళ్లలో బతుకుతాయి. కోరింగలో అద్భుతం, ఉప్పాడ లాంటి బహిరంగ ఇసుక ఒడ్డున ఒక్క సీజను కూడా నిలబడవు. అక్కడ మడ మొక్కలు నాటుదామని ఎవరైనా ఫోటోలకి వస్తే మర్యాదగా కోరింగ దారి చూపించండి.

మరి ఏం చెయ్యొచ్చు? ఇసుక లేనిచోట ఇసుక పెట్టాలి. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది మొగ దగ్గర 2001 నుంచి పంపులతో ఇసుకని నది ఇవతల ఎత్తి అవతల పోస్తున్నారు, ఏడాది పొడవునా. నెదర్లాండ్స్‌లో 2011లో 2 కోట్ల ఘనమీటర్ల పైచిలుకు ఇసుక ఒకేచోట పోసి, పంచే పని కెరటాలకే వదిలేశారు. పుదుచ్చేరిలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు నీటి అడుగున కెరటాన్ని విరిచే దిబ్బలాంటి ఉక్కు రీఫ్ దింపి, దాని వెనక ఇసుక పోసి, 2018 తర్వాత పోయిన బీచ్‌లో కొంత ముక్క తిరిగి తెప్పించారు. అది ముచ్చటగా ఉంది, నేను వెళ్లి చూశాను. ఉత్తరాన కొత్త కోత మొదలైందా లేదా అన్నది కూడా కలిపి చూశాకే పూర్తి మార్కులు వేస్తాను.

ఉప్పాడకి నా ఓటు దీనికే: కాకినాడ ఛానల్ డ్రెడ్జింగ్‌లో వచ్చే ఇసుకని ఏటా ఉప్పాడ ముందు పొయ్యాలి, అత్యవసరమైన చోట మాత్రమే పాదం లోతుగా దింపిన రాతి కట్ట ఉండాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. బే లోపల తవ్వేది చాలావరకు బురద, అది పోస్తే మొదటి పోటుకే కొట్టుకుపోయి చేపల వేటగాళ్ల వలలకి అడ్డం పడుతుంది. హోప్ ఐలాండ్ కొస వైపు దొరికే ముతక ఇసుకే పనికొస్తుంది. ఒడ్డున ఉన్న రేణువుకి సమానం గానీ ముతక గానీ ఉండాలి, సన్నది కాకూడదు. అలాగని హోప్ ఐలాండ్‌నే తవ్వితే కాకినాడ కవచానికి చిల్లు పడుతుంది. ఎక్కడ ఎంత తియ్యొచ్చో కొలిచి తియ్యాలి.

కొన్ని చోట్ల ఏం చేసినా నిలవదు, ఊరే లోపలికి జరగాలి. ఒడిశాలో సాతభాయా గ్రామాలు ఒక్కొక్కటే సముద్రంలో కలిశాక మిగిలినవాళ్లని బగపాటియాకి తరలించారు. మత్స్యకారుడు ఒడ్డుకి మూడు కిలోమీటర్ల దూరం పొమ్మంటే ఎందుకు ఒప్పుకోడో మీకు చెప్పక్కర్లేదు. బోటు కళ్లెదుట ఉండాలి, వల ఎండాలి, తెల్లారకముందే నీళ్లలో దిగాలి. ఇల్లు లోపల ఇచ్చినా పడవా వలా పెట్టుకునే చోటు, వేలం షెడ్డు ఒడ్డునే ఉంచితే మాట కుదురుతుంది. ఉప్పాడలో జాందానీ నేసే ఇళ్లకి ఈ ఇబ్బంది లేదు, మగ్గం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అందుకే అందరికీ ఒకే ప్యాకేజీ అంటే బెడిసికొడుతుంది. డబ్బు లేదని కూడా అనలేరు. 15వ ఆర్థిక సంఘం 2021-26కి కోత నివారణకి 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫారసు చేసింది. నది కోతకీ తీర కోతకీ కలిపే అయినా, మొదటిసారి కోతని విపత్తుగా లెక్కలోకి తెచ్చింది.

మీ మేనమామ గారి ఇంటి మాట. ఇంటి గోడ మూల నుంచి ఇసుక తెగిన అంచు దాకా టేపు పెట్టి ప్రతి ఫిబ్రవరి పౌర్ణమి నాడు కొలిచి రాయించండి, అదే చోట నిలబడి ఫోటో తీయండి. మూడేళ్ల కొలతలుంటే ఏడాదికి ఎంత పోతోందో మీకే తెలుస్తుంది, ఇంటికి ఎన్నేళ్లున్నాయో భాగహారమే. బావి నీళ్లు ఉప్పెక్కుతున్నాయేమో చూడండి, కోత ఇల్లు చేరకముందే అది వస్తుంది. పైన అంతస్తు వెయ్యాలన్న ఆలోచన ఉంటే ఆపెయ్యండి, ఇంటి చుట్టూ సొంతంగా కాంక్రీటు గోడ కూడా వద్దు, పాదం తెగి మొదట పడేది అదే. పట్టా, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఊరికి దూరంగా ఉన్న బంధువుల దగ్గర ఒక సెట్టు పెట్టండి. ఇల్లు సముద్రంలో పోయాక అక్కడ ఇల్లు ఉండేదని రుజువు చెయ్యడం ఎంత కష్టమో చాలామందికి అప్పుడే తెలుస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా గీసిన హజార్డ్ లైన్, అంటే సముద్రపు ముప్పు హద్దు, మీ ఇంటికి ఇవతల పడిందా అవతల పడిందా అని తీర ప్రాంత నిర్వహణ మ్యాపులో రెవెన్యూ వాళ్ల చేత చూపించుకోండి.

గోడ మీద గ్రామసభ పెడితే లేచి అడగవలసినవి: పాదం ఎంత లోతుకి దింపుతున్నారు, గోడ ఉత్తరపు కొస ఏ ఊరి ముందు ఆగుతుంది, అక్కడ ఇసుక ఎవరు పోస్తారు, ఐదో ఏడు మరమ్మతు డబ్బు ఏ పద్దులో ఉంది. జవాబులు మినిట్స్‌లో రాయించండి. కోనపాపపేట వాళ్లని కూడా ఆ సభకి పిలవండి.